వైన్ రుచి నేర్చుకుందాం – 4వ భాగం: వగరు పట్టుకోవడం

పోయిన పాఠంలో గ్లాసు తిప్పి వాసన చూడటం దగ్గర ఆగాం. ఈసారి నోట్లోకి. మొత్తం పాఠం వగరు మీదే, ఎందుకంటే రెడ్ వైన్ నచ్చలేదనే వాళ్లలో చాలామందికి అసలు నచ్చనిది ఇదే, పేరు మాత్రం పులుపు మీదకి నెట్టేస్తారు.

ముందు టీతో మొదలుపెట్టండి. పాలు, చక్కెర లేకుండా, పొడి రెట్టింపు వేసి బాగా మరగనిచ్చి చల్లార్చండి. ఇంకో గ్లాసులో నిమ్మకాయ పిండిన నీళ్లు. ఒకదాని తర్వాత ఒకటి నోట్లో తిప్పి మింగండి. నిమ్మకాయకి నీళ్లూరతాయి, టీకి చిగుళ్లు, బుగ్గల లోపలి వైపు ఎండిపోతాయి. ఆ ఎండబెట్టేది టానిన్. లాలాజలంలోని ప్రొటీన్లకు అతుక్కుని నోట్లో ఉండే జారుడుతనాన్ని లాగేస్తుంది. ఈ తేడా కళ్లు మూసుకుని చెప్పగలిగేదాకా సీసా జోలికి వెళ్లొద్దు.

సీసా విషయానికొస్తే, నేను ఎంచుకున్నది బాండోల్ అనే ఊరి పేరుతో వచ్చే రెడ్ వైన్, అందులోనూ దొమేన్ తాంపియే అనే తోట కుటుంబం వాళ్లది. దక్షిణ ఫ్రాన్స్‌లో మార్సెయ్‌కీ తూలోన్‌కీ మధ్య, సముద్రం వైపు దిగే కొండవాలు మీద రాతి గట్లు కట్టి మెట్లుమెట్లుగా వేసిన తోటలు. 1936లో ఆ ఇంటి అమ్మాయి లులుని లుసియాఁ పేరో పెళ్లి చేసుకున్నాడు. ఫిలాక్సెరా పురుగు తోటల్ని తినేయకముందు నాటి సీసా ఒకటి మామగారు రుచి చూపించారట, అంతే, అల్లుడు మూర్వెద్ర్ ద్రాక్ష వెంటపడ్డాడు. ఆలస్యంగా పండుతుంది, దిగుబడి తక్కువ అని రైతులు వదిలేసిన రకం అది! 1941లో బాండోల్‌కి సొంత గుర్తింపు రావడంలో ఆయన చెయ్యి ఉంది. ఇప్పటి రూలు ప్రకారం రెడ్‌లో కనీసం సగం మూర్వెద్ర్ ఉండాలి, 18 నెలలకు తగ్గకుండా చెక్క పీపాల్లో ఉండాలి. లులు గారు 2020లో 102 ఏళ్ల వయసులో పోయారు.

మనకి ఈ వైన్ ఎందుకంటే, మూర్వెద్ర్ పండు చిన్నది, తొక్క మందం, టానిన్ దండిగా ఉంటుంది. దాక్కోదు, కాబట్టి నేర్చుకోవడం తేలిక. ఖరీదెక్కువే, నలుగురు కలిసి కొనుక్కోండి. దొరక్కపోతే నాసిక్‌లో షిరాజ్ ద్రాక్షతో చేసే రెడ్‌తోనైనా ఇదే పాఠం చేయొచ్చు, పట్టు కాస్త తక్కువ ఉంటుంది అంతే.

గది వేడిలో పోయొద్దు. "రూమ్ టెంపరేచర్" అన్నవాళ్లు మే నెలలో విజయవాడ గది చూసి చెప్పలేదు. 16–18 డిగ్రీలు చాలు, అంతవరకూ చల్లబడేలా ఫ్రిజ్‌లో పెట్టండి. మరీ చల్లబడితే మాత్రం వగరు ఇంకా మొరటుగా తగులుతుంది. వయసు తక్కువ సీసా అయితే గంటా రెండు గంటల ముందే గాజు జగ్గులోకి వంపేయండి.

ఒక గుక్క తీసుకుని, నమలండి. అవును, వైన్‌నే. మింగాక వెంటనే మాట్లాడకుండా నాలుకతో పై చిగురు తడమండి. లేత జామపిందె కొరికినప్పటిలా పట్టేస్తోందా, లేక సన్నగా, మెత్తగా ఆనుకుని నెమ్మదిగా వదిలేస్తోందా? ఎంత ఉందన్నదాని కన్నా ఎలా ఉందన్నదే ముఖ్యం. మంచి బాండోల్‌లో వగరు బలంగానే ఉంటుంది, కానీ గీరదు.

ఇప్పుడు మసాలా తక్కువ వేసి, కొవ్వుతో ఉడికించిన మటన్ ముక్క ఒకటి తిని మళ్లీ గుక్క తీసుకోండి. బాండోల్ ఉన్న ప్రొవాన్స్ ప్రాంతంలో దీన్ని గొర్రె మాంసంతో తాగడం ఊరికే కాదు. టానిన్‌కి అతుక్కోవడానికి ప్రొటీన్ దొరికితే మీ నోటిని వదిలేస్తుంది. గుంటూరు కారంతో మాత్రం ఈ ప్రయోగం చేయకండి, వగరూ ఆల్కహాల్ మంటా రెండూ పెరిగి ఏది ఏదో తెలీదు.

ముక్కకి ముందు, ముక్క తర్వాత ఎలా ఉందో చెరో వాక్యం రాసుకోండి. మిగిలింది బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు మళ్లీ చూసి మూడో వాక్యం రాయండి. ఈ మూడూ దగ్గర పెట్టుకోండి, వచ్చే భాగంలో పులుపు చూడటానికి బోజొలె అనే ఇంకో ఫ్రెంచ్ రెడ్ వైన్ తీసినప్పుడు పోల్చుకోవాలి.