రోడ్డు విస్తరణ గొడవను క్లాసులో ఆడించడం ఎలా

ప్లానింగ్ విద్యార్థులకు మధ్యవర్తిత్వం నేర్పాలంటే బజారు రోడ్డు విస్తరణను మించిన గొడవ లేదు. మాస్టర్ ప్లాన్‌లో 60 అడుగులు, నేల మీద 40 అడుగులు ఉన్న ఓ ఊహా వీధిని తీసుకోండి.

200 మీటర్ల వీధిని 1:200 స్కేలులో గీస్తే మీటరు పొడవొస్తుంది, బల్ల చుట్టూ అందరూ నిలబడొచ్చు. ఇరువైపులా పోయే పదేసి అడుగులు ఆ స్కేలులో ఒకటిన్నర సెంటీమీటర్లు. ఎర్ర కాగితాన్ని అంత వెడల్పున కత్తిరించి దుకాణాల మీద పరవండి. 20 అడుగుల లోతున్న కొట్టు సగం మాయమవుతుంది. అప్పుడుగానీ క్లాసులో కదలిక రాదు.

పాత్రలు ఆరు చాలు: కమిషనర్, టౌన్‌ప్లానింగ్ అధికారి, భవన యజమాని, అద్దె దుకాణదారు, తోపుడుబండి వ్యాపారి, మధ్యవర్తి. పాత్రకు ఇద్దరు. అందరికీ ఒకే సమాచార పత్రం, ఎవరి రహస్య చీటీ వాళ్లకి.

కష్టమంతా చీటీలు రాయడంలోనే. ‘విస్తరణను వ్యతిరేకించు’ అని రాస్తే పట్టుదలే మిగులుతుంది, బేరం కుదరదు. అవసరం రాయండి. యజమానికి: ‘టీడీఆర్ బాండు (పోయిన స్థలానికి డబ్బుకు బదులు ఇచ్చే, అమ్ముకోగల అదనపు నిర్మాణ హక్కు) ఇస్తామంటున్నారు, నీకేమో బ్యాంకు అప్పు తీర్చడానికి నగదు కావాలి.’ అద్దెదారుకి: ‘బాండు యజమానికే, నీకు రాదు. దసరా, దీపావళి అమ్మకాలు పోకపోతే చాలు.’ బండివాడికి: ‘2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయ్యేదాకా నిన్ను ఖాళీ చేయించకూడదు.’ ఈ మాట సమాచార పత్రంలో పెట్టొద్దు, అతని నోటి నుంచే రావాలి.

చదువుకోవడానికి 20 నిమిషాలు, మధ్యవర్తి ఒక్కో పక్షంతో విడిగా 5 నిమిషాలు, ఉమ్మడి చర్చ గంట, సమీక్ష 45 నిమిషాలు. సమీక్ష కోసేసి ఆట పొడిగించాలనిపిస్తుంది, ఆ పని చేయకండి.

ఎక్కువగా చెడేది మధ్యవర్తి దగ్గరే. పెదరాయుడిలా ‘సరే, 50 అడుగులు’ అని తీర్పిచ్చేస్తాడు. కొట్టు పావు వంతు పోతుంది, ట్రాఫిక్ అలాగే ఉంటుంది. మొదటి అరగంట అతను అంకెలు పలకకూడదు, ప్రశ్నలే అడగాలి. చర్చ నిలిచిపోతే మీరు కాగితం ముక్కలు కదపండి: ఖాళీ స్థలాలున్న వైపుకి మధ్యరేఖ జరపడం, కూడలి దగ్గర మాత్రమే వెడల్పు చేయడం, కింది అంతస్తు వెనక్కి జరిపి పై అంతస్తు ఉంచడం.

సమీక్షలో చీటీలన్నీ పైకి చదివించండి. ఏ ప్రశ్న అడిగితే ఏ అవసరం బయటపడేదో వాళ్లతోనే చెప్పించండి. ఒప్పందం కుదిరినందుకు మార్కులు వేయకండి. వేస్తే అందరికన్నా ముందు తలూపేది బండివాడే.