పర్యాటక గ్రామాల్లో బాలల హక్కులు – 4వ పాఠం: పిల్లలతో ఊరి పటం గీయించడం

కిందటి పాఠంలో చట్టాలు చూశాం. ఈ పాఠంలో పని నేర్చుకుందాం. ఊళ్లోకి హోమ్‌స్టేలు, టెంట్ల క్యాంపులు వచ్చాక పిల్లలకు ఎక్కడ ఇబ్బందిగా ఉందో, ఎక్కడ బాగుందో వాళ్లచేతే పటం గీయించి తెలుసుకోవాలి. ఉదాహరణకు అరకు లోయలోని ఒక గిరిజన గ్రామం అనుకుందాం.

ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను మన దేశం 1992లో అంగీకరించింది. తమకు సంబంధించిన విషయాల్లో పిల్లలు చెప్పే మాటకు వయసునూ పరిణతినీ బట్టి విలువ ఇవ్వాలని అందులోని 12వ అధికరణం అంటుంది. అదే ఏడాది రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించాడు. కింది మూడు మెట్లూ అసలు భాగస్వామ్యమే కాదన్నాడు. పర్యాటక ఉత్సవంలో పిల్లలచేత ధింసా ఆడించి, దండలు వేయించి పంపేస్తే అది రెండో మెట్టు, అంటే అలంకరణ. మన పని అక్కడ ఆగిపోకూడదు.

గుంపుకు 8 నుంచి 12 మంది చాలు. ఆడపిల్లలను, మగపిల్లలను వేరుగా కూర్చోబెట్టండి. 8–11, 12–14, 15–17 ఏళ్ల వాళ్లను కలపకండి, కలిపితే చిన్నవాళ్లు నోరు విప్పరు. పెద్దలు ఇద్దరే ఉండాలి. ఒకరు మాట్లాడించాలి, ఒకరు రాసుకోవాలి. ఆ ఇద్దరిలో ఒకరికైనా పిల్లల ఇంటి భాష రావాలి, అది కువి కావచ్చు, ఆదివాసీ ఒడియా కావచ్చు. ఆడపిల్లల గుంపు దగ్గర ఇద్దరూ ఆడవాళ్లే ఉండాలి. తల్లిదండ్రులు సరేనన్నా పిల్లను విడిగా అడగండి. మధ్యలో లేచి వెళ్లిపోవచ్చని ముందే చెప్పండి.

బడిలో సమావేశం పెడితే బడికి వచ్చేవాళ్లే దొరుకుతారు. బొంగులో చికెన్ బడ్డీల దగ్గర, వ్యూ పాయింట్ల దగ్గర తిరిగే పిల్లల మాటే మనకు ఎక్కువ కావాలి. వాళ్ల దగ్గరికి వెళ్లి, ఏ పూట తీరికో కనుక్కుని ఆ పూటే పెట్టండి. సంత రోజు మాత్రం వద్దు.

చార్టు కాగితంతో మొదలుపెట్టకండి. స్కెచ్ పెన్ను ఒకరి చేతికి వెళ్తే మిగతావాళ్లు చూస్తూ కూర్చుంటారు. నేల మీద ముగ్గుపిండితో అయితే అందరూ చెరిపి మళ్లీ గీస్తారు. మొత్తం 90 నిమిషాలు. ఆటకు 10, పటానికి 40, గింజలు పెట్టడానికి 20, మాట్లాడుకోవడానికి 20 నిమిషాలు. ముందు బడి, బోరింగు, గెడ్డ (వాగు), రోడ్డు గీయమనండి. తర్వాత టూరిస్టులు ఆగే చోట్లు. అప్పుడు ఇష్టమైన చోట ఆకు, భయం వేసేచోట బొగ్గు ముక్క పెట్టమనండి. "పొద్దున ఇలా ఉంటుంది, మరి చీకటి పడ్డాక?" అని తప్పకుండా అడగండి. గెడ్డకు వెళ్లే దారికి అడ్డంగా వేసిన టెంట్లు, బడి వదిలే వేళకు దూసుకొచ్చే కార్లు, అడక్కుండా ఫొటోలు తీసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే బయటపడతారు. చివరికి ఒక్కొక్కరికి 5 చింతగింజలు ఇచ్చి, ముందు ఏది మారాలో దాని మీద పెట్టమనండి. ఒకరు పెడుతుంటే మిగతావాళ్లు వెనక్కి తిరగాలి, లేకపోతే అందరూ పెద్దపిల్ల పెట్టినచోటే పెడతారు.

చాలా సమావేశాలు రెండు కారణాలతో చెడతాయి. క్యాంపు యజమానో సర్పంచో వచ్చి కూర్చుంటే "అంతా బాగుంది సార్" తప్ప ఇంకేమీ వినపడదు. వాళ్లకు వేరే రోజు ఇవ్వండి. "టూరిస్టులతో ఇబ్బందిగా ఉందా?" అని అడిగితే "అవును" అని ముక్తకంఠంతో అంటారు. ఆ జవాబు దేనికీ పనికిరాదు. బొగ్గు ముక్క చూపించి "ఇక్కడ ఏం జరుగుతుంది?" అని అడిగి ఊరుకోండి.

ఎవరైనా హోటల్లో గిన్నెలు తోముతున్నానంటే అక్కడే మందలించకండి, రాసుకోండి. 14 ఏళ్లలోపు వాళ్లను పనిలో పెట్టుకోవడం బాల కార్మిక చట్టానికి చేసిన 2016 సవరణ ప్రకారం నేరం. ప్రమాదం లేని సొంత కుటుంబ వ్యాపారంలో బడి వేళల తర్వాతో సెలవుల్లోనో సాయం చేయడానికి మినహాయింపు ఉంది.

లైంగిక వేధింపు ఛాయ కనిపిస్తే అందరి ముందు ఒక్క ప్రశ్న కూడా వేయకండి. మిగతావాళ్లకు ఆట పెట్టి, ఆ పిల్లను నలుగురికీ కనిపించే చోటికే పక్కకు తీసుకెళ్లి, చెప్పినంత వినండి. వివరాలు కూపీ లాగడం మన పని కాదు. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి, ఎందుకంటే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల నుంచి రక్షణ) చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. లాడ్జి, హోటల్ సిబ్బంది బాధ్యతను 20వ సెక్షన్ విడిగా చెబుతుంది. చెప్పకపోతే శిక్ష ఉంది. సాయానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. ఆ నంబరు, దగ్గరి స్టేషన్ నంబరు ముందే రాసి పెట్టుకోండి.

పటం చార్టు మీదికి ఎక్కించేటప్పుడు పేర్లు రాయకండి. పటాన్ని ఫొటో తీయండి, పిల్లల ముఖాలను వద్దు.

15 రోజుల్లో జవాబు తిరిగి పిల్లలకు చేరాలి. అరకు షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల కోసం రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతం. అలాంటి చోట్ల పంచాయతీల కోసం తెచ్చిన 1996 పెసా చట్టం కింద గ్రామసభకు గట్టి అధికారాలున్నాయి, కాబట్టి పటం అక్కడికే వెళ్లాలి. ఎవరు మాట్లాడాలో, ఏ విషయం చెప్పకుండా ఉంచాలో పిల్లలే తేల్చుకోవాలి. ప్రతి కోరికకూ "ఫలానా తేదీకి చేస్తాం" అనో "చేయలేం, కారణం ఇది" అనో రాతపూర్వకంగా తీసుకోండి. జవాబు రాని ఊళ్లో రెండోసారి పిలిస్తే పిల్లలు రారు, రాకపోవడం వాళ్ల తప్పు కాదు.

అభ్యాసం: ఒక్క గుంపుతో పటం గీయించి, ఎక్కువ గింజలు పడ్డ మూడు చోట్లు రాసిపెట్టుకోండి. 5వ పాఠంలో వాటిని హోమ్‌స్టే యజమానులు సంతకం పెట్టే నియమాలుగా మార్చడం చూద్దాం.