బ్రిటన్‌లో వేప్ కొనే ముందు, ఇంటికి విమానం ఎక్కే ముందు

బ్రిటన్‌లో వేప్‌లన్నీ (ద్రవాన్ని వేడిచేసి ఆవిరి పీల్చే ఈ-సిగరెట్లు) బ్యాన్ అయ్యాయని మనవాళ్లలో చాలామంది అనుకుంటున్నారు. 2025 జూన్ 1 నుంచి ఆగింది ఒకసారి వాడి పారేసే వాటి అమ్మకమే. మళ్లీ మళ్లీ వాడుకునేవి 18 ఏళ్లు నిండినవాళ్లు కొనుక్కోవచ్చు. సిగరెట్ అలవాటే లేనివాళ్లు మాత్రం దీని జోలికి పోకండి, నికోటిన్ పట్టుకుంటే వదలదు.

కొనే ముందు:

• ఛార్జింగ్ పోర్టు ఉంటే చాలదు. ద్రవం మళ్లీ నింపుకోగలగాలి, లేదా కొత్త పాడ్ (ద్రవం నింపి ఉన్న, మార్చుకునే చిన్న డబ్బా) విడిగా దొరకాలి.

• ట్యాంకు 2 మిల్లీలీటర్లు, నికోటిన్ రీఫిల్ సీసా 10 మిల్లీలీటర్లు మించకూడదు. నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములే హద్దు. అంతకుమించి ఉన్నది అమ్మే షాపును నమ్మకండి.

• వయసు చూపే కార్డు దగ్గర పెట్టుకోండి. 18 లోపు తమ్ముడికో చెల్లికో కొనిస్తే అదీ నేరమే.

ఇంటికి బయల్దేరే ముందు:

నాకు అసలు టెన్షన్ ఇక్కడే. అక్కడ బిల్లుతో కొన్నదైనా ఇండియాలో చెల్లదు. 2019 చట్టం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ నిషేధించింది. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్లు, 5 లక్షల దాకా. నిల్వ ఉంచినా శిక్ష ఉంది. ఫ్రెండ్ అడిగాడని శంషాబాద్‌కు ఒక్కటి కూడా తేకండి. సింగపూర్ మీదుగా వస్తుంటే అక్కడా నిషేధమే. బ్యాగు అరలు, జాకెట్ జేబులు అన్నీ వెతికి, బ్రిటన్‌లోనే వదిలి రండి.