ఎక్మో తర్వాత ఇంట్లో: ఆయాసం గుండెదా, కండరాలదా?

గుండె ఉన్నట్టుండి నీరసించినప్పుడు గజ్జల్లో రక్తనాళాలకు గొట్టాలు వేసి యంత్రంతో రక్తం నడిపిస్తారు. అదే ఎక్మో. అలా బతికి ఇంటికొచ్చిన మనిషికి నాలుగడుగులకే ఆయాసం వస్తుంటే మళ్లీ గుండెకేమైందోనని ఇంట్లోవాళ్లు మంచం దిగనివ్వరు. ఐసీయూలో కదలకుండా పడుకున్నన్నాళ్లూ కండ కరిగిపోవడం కూడా అంతే పెద్ద కారణం. మంచం పట్టిస్తే అది ఇంకా ముదురుతుంది.

రెంటికీ తేడా తెలియాలంటే రోజూ బరువు చూడాలి. పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫిన్‌కు ముందు, గట్టి నేల మీద మిషన్ పెట్టి చూసి రాసుకోండి. చాప మీద పెడితే తప్పు చూపిస్తుంది. 3 రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కండ కాదు, ఒంట్లో చేరిన నీరు. అలా పెరిగినా, కాళ్లవాపు వచ్చినా, రాత్రి ఇంకో దిండు పెట్టుకోవాల్సి వచ్చినా ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. బరువు నిలకడగా ఉండి, పడుకుంటే ఊపిరి హాయిగా ఆడుతూ, లేచేటప్పుడు తొడలు వణుకుతుంటే కండరాల బలహీనత అనుకోవచ్చు. ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, కూర్చున్నా తగ్గని ఆయాసం అయితే ఆలోచించకుండా 108.

కండకు మంచి వ్యాయామం కుర్చీలోంచి లేవడం. చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించి 5 సార్లు లేచి కూర్చోవాలి, రోజుకు 3 పూటలు. మాట్లాడుతూ చేయగలిగితే సరిపాళ్లలో ఉన్నట్టు. మాట తెగుతుంటే ఆపాలి. ఛాతీ ఎముక కోసి ఆపరేషన్ చేసి ఉంటే చేతులతో బరువులెత్తడం ఎప్పుడు మొదలెట్టాలో సర్జన్‌నే అడగండి. కిడ్నీలు దెబ్బతిని ఉంటే పప్పు, గుడ్లు ఎంత తినాలన్నది డాక్టరు చెప్పాలి, పక్కింటివాళ్లు కాదు.

గొట్టం వేసిన కాలిని ఎవరూ పట్టించుకోరు. రెండు పాదాలనూ పక్కపక్కన పెట్టి రంగు, వెచ్చదనం రోజూ పోల్చి చూడండి. ఒకటి హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, నొప్పి పుడితే అత్యవసరం. నరం దెబ్బతింటే కాలివేళ్లు నేలకు తగిలి పడిపోతారు. హవాయి చెప్పులు మానేసి వెనక పట్టీ ఉన్నవి వేయాలి, ఫిజియోథెరపిస్టుకు చూపించాలి. తిమ్మిరెక్కిన పాదానికి వేడినీళ్ల కాపడం వద్దు. కాలినా తెలియదు.

ఉప్పు అన్నిటితో కలిపి రోజుకు 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీ చెంచా. ఆవకాయ, అప్పడం ఉన్న పూట ఆ లెక్క నిలవదు. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. ఒంట్లో పొటాషియం పెంచే గుండె మాత్ర స్పైరోనోలాక్టోన్ వాడేవాళ్లకు అది ప్రమాదం. ఒళ్లునొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కొనుక్కోవద్దు. అవి ఒంట్లో నీరు నిలిపి, కిడ్నీని దెబ్బతీస్తాయి. బాగుందని గుండె మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు.

పీడకలలు, ఐసీయూలో ఎవరో చంపబోయారన్న జ్ఞాపకం, పేర్లు మరచిపోవడం చాలామందిలో ఉంటాయి. పిచ్చి కాదు. ఆసుపత్రిలో ఏ రోజు ఏం జరిగిందో ఇంట్లోవాళ్లు తేదీలవారీగా ఒక నోటు పుస్తకంలో రాసిస్తే, రోగి దాన్ని చదువుకుంటూ జరిగిందేదో, భ్రమేదో తేల్చుకుంటాడు. నెలలు గడిచినా నిద్ర పట్టకపోతే మానసిక వైద్యుడికి చూపించండి. పక్కన కూర్చుని కాపలా కాసినవాళ్లకూ ఇవే ఇబ్బందులు రావచ్చు, వాళ్లనూ అడగండి.