యూనిక్స్‌లో టార్ బ్యాకప్ నుంచి ఫైళ్లు వెనక్కి తెచ్చుకోవడం ఎలా?

పోయింది ఒక్క ఫైలే కదా అని ఆర్కైవ్ (బ్యాకప్ ఫైళ్లన్నిటినీ టార్ కమాండు కట్టిన ఒకే మూట) మొత్తాన్ని ఉన్నచోటే విప్పేస్తే, ఆ ఫైలు దొరుకుతుంది గానీ పక్కనున్న ఫైళ్లలో నిన్నా ఇవాళా చేసిన మార్పులు పోతాయి. టార్ ఏమీ అడగదు. అదే పేరుతో డిస్కులో ఫైలు ఉంటే దాన్ని తీసేసి, ఆర్కైవ్‌లోని పాతదాన్ని పెట్టేస్తుంది. కాబట్టి ఎప్పుడూ ఖాళీ డైరెక్టరీలోకే విప్పండి. చూసుకున్నాకే అసలు చోటికి కాపీ చేయండి. కింది దశలన్నీ ఈ పద్ధతి మీదే నడుస్తాయి.

ఇక్కడ చెప్పేది లినక్స్‌లో వచ్చే గ్నూ టార్ సంగతి. ఫ్రీబీఎస్‌డీ, మ్యాక్‌లలో ఉండేది వేరే టార్. చిన్న ఆప్షన్లు దాదాపు ఒకటే, పొడవాటి వాటిలో తేడాలుంటాయి. కమాండ్లను పలికే తీరులో తెలుగులో ఇచ్చాం. టైపు చేసేది ఇంగ్లీషులోనే, ‘పెద్ద’ అని చెప్పిన చోట తప్ప అంతా చిన్నబడిలో.

1. నిజంగా పోయిందా?

ఫైలును డిలీట్ చేసినా, ఏదైనా ప్రోగ్రాం దాన్ని ఇంకా తెరిచి పెట్టుకుని ఉంటే డేటా డిస్కులోనే ఉంటుంది. లాగ్ ఫైళ్ల విషయంలో ఇది తరచూ జరుగుతుంది. ‘ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1’ (ఎల్ పెద్దది) కొడితే అలా పేరు పోయి ప్రాణం మిగిలిన ఫైళ్లన్నీ కనిపిస్తాయి. అందులో మీ ఫైలు ఉంటే, /ప్రాక్ కింద ఆ ప్రాసెస్ నంబరు డైరెక్టరీలో, ఎఫ్‌డీ అనే ఉపడైరెక్టరీ నుంచి సీపీతో కాపీ తీసుకోవచ్చు. అప్పటిదాకా ఆ ప్రోగ్రాంను రీస్టార్ట్ చేయకండి. చేస్తే అదీ పోతుంది.

2. చోటు, ఆర్కైవ్ ఆరోగ్యం

‘డీఎఫ్ -హెచ్’తో ఖాళీ ఎంతుందో చూడండి. బ్యాకప్ ఫైలు పేరు హోమ్.టార్.జీజెడ్ అనుకుందాం, అంటే జీజిప్‌తో కుదించిన టార్ ఆర్కైవ్. విప్పాక ఎంత సైజు అవుతుందో ‘జీజిప్ -ఎల్’ చెబుతుంది గానీ, 1.12కు ముందు వెర్షన్లలో 4 జీబీ దాటిన ఫైళ్లకు ఆ అంకె తప్పుగా వస్తుంది. పాత మెషీన్ అయితే ‘జెడ్‌క్యాట్ హోమ్.టార్.జీజెడ్ | డబ్ల్యూసీ -సీ’ నమ్మకమైనది, కాకపోతే ఆలస్యం. చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే ‘డీఎఫ్ -ఐ’ కూడా చూడాలి. ఐనోడ్లు (ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున డిస్కులో ఉండే నమోదులు) అయిపోతే జాగా ఉన్నా ‘డిస్కులో చోటు లేదు’ అనే ఎర్రర్ వస్తుంది. /టీఎంపీలో విప్పకండి. చాలా సిస్టమ్‌లలో అది ర్యామ్‌లో ఉంటుంది, పెద్ద ఆర్కైవ్ మెమరీ మొత్తం తినేస్తుంది.

తర్వాత ‘జీజిప్ -టీ హోమ్.టార్.జీజెడ్’. ఏమీ మాట్లాడకుండా ప్రాంప్ట్ తిరిగొస్తే కంప్రెషన్ బాగున్నట్టే. ఫైలు మధ్యలో ముగిసిందని ఎర్రర్ వస్తే, కాపీ సగంలో ఆగిపోయి ఉండొచ్చు. మూలం దగ్గరున్న సైజుతో పోల్చి మళ్లీ తెచ్చుకోండి. బ్యాకప్ తీసినప్పుడే షా256 చెక్‌సమ్ (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే సంకేతం, డేటా మారితే అదీ మారుతుంది) రాసి పెట్టి ఉంటే ‘షా256సమ్ -సీ’ ఇంకా మంచిది.

3. జాబితా తీయండి

టార్ -టీవీఎఫ్ హోమ్.టార్.జీజెడ్ > జాబితా

ఒక్కసారి ఫైలులోకి తీసి పెట్టుకుంటే ఎన్నిసార్లయినా గ్రెప్ కమాండుతో వెతుక్కోవచ్చు. టార్‌లో విషయసూచిక లాంటిదేమీ లేదు. ఒక్క పేరు వెతకాలన్నా మొదటి నుంచి చివరిదాకా చదవాల్సిందే, వందల జీబీల ఆర్కైవ్‌కు అది గంటల పని. డిస్కులో ఉన్న ఆర్కైవ్ కంప్రెషన్‌ను టార్ తానే గుర్తుపడుతుంది. మరో కమాండు నుంచి పైపు (|) ద్వారా పంపిస్తే మాత్రం జెడ్ ఆప్షన్ మీరే ఇవ్వాలి.

రెండు జాగ్రత్తలు. ‘ఎఫ్’ ఎప్పుడూ ఆప్షన్ల చివర ఉండాలి, ఎందుకంటే దాని వెనక వచ్చేదాన్నే టార్ ఆర్కైవ్ పేరు అనుకుంటుంది. ‘-ఎక్స్ఎఫ్‌వీ’ అని రాస్తే ‘వీ’ అనే ఫైలు లేదని అంటుంది. ఇది నవ్వుకుని సరిదిద్దుకునే తప్పు. రెండోది అలాంటిది కాదు: ఎక్స్ బదులు సీ పడి, వెనక ఒక ఫైలు పేరు కూడా ఉంటే, టార్ ఆ ఫైలుతో కొత్త ఆర్కైవ్ తయారు చేస్తుంది, మీ బ్యాకప్ మీదే. ఆ క్షణంలో బ్యాకప్ పోయినట్టే. కీబోర్డులో ఎక్స్, సీ పక్కపక్కనే ఉంటాయి కూడా. బ్యాకప్ డిస్కును రీడ్-ఓన్లీగా మౌంట్ చేస్తే ఈ ప్రమాదమే ఉండదు.

4. ఖాళీ డైరెక్టరీలోకి విప్పండి

ఎంకేడిర్ /హోమ్/రీస్టోర్
టార్ -ఎక్స్‌వీపీఎఫ్ హోమ్.టార్.జీజెడ్ -సీ /హోమ్/రీస్టోర్ హోమ్/రవి/లెక్కలు.ఓడీఎస్

ఇక్కడ సీ పెద్దది. దాని వెనక ఉన్నది ఎక్కడ విప్పాలో, ఆ తర్వాతది ఏ ఫైలు కావాలో. డైరెక్టరీ పేరు ఇస్తే దాని కింద ఉన్నదంతా వస్తుంది.

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే: ‘ఆర్కైవ్‌లో దొరకలేదు’. ఫైలు ఉంటుంది, పేరు కలవదు. గ్నూ టార్ ఆర్కైవ్ తయారు చేసేటప్పుడే పేరు మొదట్లో ఉన్న స్లాష్ తీసేస్తుంది. అందుకని ‘/హోమ్/రవి’ అని అడిగితే లేదంటుంది, ‘హోమ్/రవి’ అంటే ఇస్తుంది. బ్యాకప్‌ను ప్రస్తుత డైరెక్టరీ నుంచి చుక్క పెట్టి తీసి ఉంటే పేర్లు ‘./రవి’ అని మొదలవుతాయి, అప్పుడు ఆ చుక్కా స్లాషూ కూడా రాయాలి. పేరు గుర్తుపెట్టుకుని టైపు చేయకుండా జాబితా నుంచి కాపీ చేసుకోండి.

తెలుగు పేర్లున్న ఫైళ్లకు ఇంకో చిక్కు. రెస్క్యూ షెల్‌లో లొకేల్ (భాషా సెట్టింగు) ‘సీ’ అయితే జాబితాలో తెలుగు అక్షరాలకు బదులు \340\260, \340\261 అంటూ అంకెల వరస కనిపిస్తుంది. ఆర్కైవ్ చెడిపోలేదు, యూటీఎఫ్-8 బైట్లను టార్ ఆక్టల్‌లో చూపిస్తోంది, అంతే. విప్పితే పేర్లు సరిగ్గానే వస్తాయి. చదవాలంటే యూటీఎఫ్-8 లొకేల్ పెట్టుకుని మళ్లీ జాబితా తీయండి. పేరు స్పష్టంగా కనిపిస్తున్నా కలవకపోతే, పొల్లు తర్వాత కంటికి కనిపించని జీరో-విడ్త్ నాన్-జాయినర్ ఉందేమో అనుమానించండి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో కీబోర్డులు దాన్ని చేరుస్తుంటాయి, మీరు టైపు చేసినదాంట్లో అది ఉండకపోవచ్చు. అప్పుడు పేరంతా రాయకుండా ‘--వైల్డ్‌కార్డ్స్’ ఆప్షన్ పెట్టి, నక్షత్రం గుర్తు ఉన్న నమూనాను కొటేషన్లలో ఇవ్వండి. కొటేషన్లు లేకపోతే నక్షత్రాన్ని టార్‌కు చేరకముందే షెల్ ఫైళ్ల పేర్లుగా మార్చేసే అవకాశం ఉంది.

5. యజమాని, పర్మిషన్లు

మామూలు యూజర్‌గా విప్పితే ఫైళ్లన్నీ మీ పేరు మీదే వస్తాయి. రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) విప్పితే పాత యజమానికే వెళ్తాయి, కానీ టార్ ముందు పేరుతో వెతుకుతుంది, ఆ పేరు ఈ మెషీన్‌లో లేకపోతేనే యూజర్ నంబరు వాడుతుంది. రెస్క్యూ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి మొత్తం సిస్టమ్‌ను రీస్టోర్ చేస్తుంటే ఇది కొంప ముంచుతుంది: అక్కడ ఒక సర్వీసు యూజర్ నంబరు ఒకటి, మీ సర్వర్‌లో మరొకటి. అలాంటప్పుడు ‘--న్యూమరిక్-ఓనర్’ తప్పనిసరి. ఏసీఎల్‌లు (ఒక్కో యూజర్‌కు విడిగా ఇచ్చే పర్మిషన్లు), ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లు (ఫైలుకు తగిలించే అదనపు సమాచారం) కావాలంటే ‘--ఏసీఎల్స్ --ఎక్స్ఆట్ర్స్’ ఇవ్వాలి. అవి బ్యాకప్ తీసేటప్పుడు కూడా ఇచ్చి ఉంటేనే ఫలితం.

6. పోల్చి, ఆ తర్వాత చేర్చండి

‘డిఫ్ -ఆర్’తో పాత, కొత్త డైరెక్టరీలను పోల్చండి. ‘సీపీ -ఏ’తో కావాల్సినవి మాత్రమే అసలు చోటికి పంపండి. ఎస్‌ఈలినక్స్ (ఫైళ్లకు లేబుళ్లు వేసి ఎవరు చదవొచ్చో నియంత్రించే భద్రతా వ్యవస్థ) ఉన్న సిస్టమ్‌లో ఆ తర్వాత ‘రీస్టోర్‌కాన్ -ఆర్’ (ఆర్ పెద్దది) నడపకపోతే, పర్మిషన్లన్నీ సరిగ్గా ఉన్నా వెబ్‌సర్వర్ ఫైలు చదవలేనంటుంది. డేటాబేస్ ఫైళ్లయితే సర్వీసు ఆపకుండా ముట్టుకోకండి. నడుస్తున్న డేటాబేస్ నుంచి నేరుగా టార్ తీసిన కాపీ మీద అసలు ఆశ పెట్టుకోవద్దు, డంప్ (డేటాబేస్ నుంచి ఎగుమతి చేసిన కాపీ) ఉంటే దాన్నే వాడండి.

7. ఇంక్రిమెంటల్ బ్యాకప్ అయితే

ఆదివారం పూర్తి బ్యాకప్, మిగతా రోజుల్లో మారినవి మాత్రమే అనుకుందాం. గురువారం నాటి స్థితి కావాలంటే ముందు ఆదివారంది, ఆపై సోమ, మంగళ, బుధ, గురువారాలవి అదే వరసలో విప్పాలి, ప్రతిసారీ ‘--లిస్టెడ్-ఇంక్రిమెంటల్=/డెవ్/నల్’ జోడిస్తూ. ఆ ఆప్షన్ లేకపోతే వారం మధ్యలో డిలీట్ చేసిన ఫైళ్లు కూడా మళ్లీ లేచి కూర్చుంటాయి. ఆప్షన్ ఉంటే, బ్యాకప్ నాడు ఆ డైరెక్టరీలో లేని ఫైళ్లను టార్ తుడిచేస్తుంది. ఖాళీ డైరెక్టరీలో అది మనకు కావాల్సిందే. నడుస్తున్న హోమ్ డైరెక్టరీ మీద అదే కమాండు కొడితే బ్యాకప్ తర్వాత పుట్టిన ఫైళ్లన్నీ పోతాయి.

ఒక్క ఫైలే కావాలంటే ఈ వరసంతా అక్కర్లేదు. ఇంక్రిమెంటల్‌లో కూడా మారిన ఫైలు పూర్తిగానే ఉంటుంది, ముక్క కాదు. అది కనిపించే చివరి ఆర్కైవ్ నుంచి తీసుకుంటే చాలు. ‘టార్ -టీవీవీఎఫ్’కు ‘--ఇంక్రిమెంటల్’ చేర్చి చూస్తే డైరెక్టరీలోని పేర్ల ముందు వై, ఎన్ అని ఉంటాయి. వై ఉంటే ఫైలు ఇందులోనే ఉంది. ఎన్ ఉంటే ఆ రోజు డిస్కులో ఉంది గానీ మారలేదు, ముందటి ఆర్కైవ్‌లో చూడండి.

8. ఆర్కైవ్ చెడిపోయి ఉంటే

కంప్రెస్ చేయని టార్ దెబ్బలను బాగానే తట్టుకుంటుంది. అది 512 బైట్ల బ్లాకులతో తయారైనది, ఒకచోట పాడైతే తర్వాతి హెడర్ (ప్రతి ఫైలు ముందు దాని పేరు, సైజు ఉండే బ్లాకు) దాకా దాటేసి ముందుకెళ్తుంది. జీజిప్ చేసినదాంట్లో ఆ సౌకర్యం లేదు. దెబ్బ తగిలిన చోటు దాకా వచ్చినవే మీవి, ఆ తర్వాతవి మామూలు పద్ధతిలో రావు. బీజిప్2 నయం: 900 కేబీ వరకు ఉండే బ్లాకులుగా ఉంటుంది కాబట్టి ‘బీజిప్2రికవర్’ బాగున్న బ్లాకులను విడదీసి ఇస్తుంది. మూడింటిలో ఏదైనా, ముందు చెడిపోయిన ఆర్కైవ్‌కు ఒక కాపీ తీసి, ప్రయోగాలన్నీ దాని మీద చేయండి. ఎర్రర్లను ‘2> తప్పులు’ అని వేరే ఫైలులోకి మళ్లిస్తే ఎక్కడ ఆగిందో తర్వాత చూసుకోవచ్చు. వీ ఆప్షన్ పెట్టినప్పుడు చివరగా కనిపించిన పేరే సగంలో తెగిన ఫైలు. అది సైజులో చిన్నదిగా డిస్కులో మిగిలిపోతుంది, దాన్ని మంచి కాపీ అనుకుని అసలు చోటికి పంపకండి.