ఎవరూ చదవని తొలి విలువలు: స్టాటిక్ అనలైజర్‌తో పట్టుకుని తీసేయడం ఎలా?

ఒక ఫంక్షన్‌లో ‘ఫలితం’ అనే వేరియబుల్ ఉందనుకోండి. డిక్లేర్ చేసిన లైన్లోనే దానికి నల్ (ఏ విలువా లేదని చెప్పే గుర్తు) ఇచ్చారు. ఆ కిందే ఇఫ్‌లో ఒక విలువ, ఎల్స్‌లో మరో విలువ ఇచ్చారు. పైనున్న నల్‌ను ప్రోగ్రామ్ ఒక్కసారి కూడా చదవదు. దీన్నే రిడండెంట్ ఇనిషియలైజేషన్ అంటారు.

ఉంటే ఏం పోయింది అనిపించవచ్చు. వేగం విషయంలో నిజంగానే పెద్దగా పోయేదేమీ లేదు. అసలు నష్టం వేరే. రేపు ఎవరో మూడో షరతు చేర్చి, అందులో విలువ ఇవ్వడం మర్చిపోతారు. నల్ ఎలాగూ ఉంది కాబట్టి కంపైలర్ ఏమీ అనదు. ఆ తప్పు ప్రోగ్రామ్ నడుస్తుండగా నల్ పాయింటర్ ఎక్సెప్షన్‌గా బయటపడుతుంది. ఆ నల్ లేకపోయి ఉంటే, ‘విలువ ఇవ్వకుండానే వాడుతున్నారు’ అంటూ జావా, సీషార్ప్ కంపైలర్లు అక్కడికక్కడే ఆపేసేవి. జాగ్రత్త కోసం పెట్టిన విలువే కంపైలర్ నోరు నొక్కేస్తుంది. ఇలాంటివాటిని పట్టుకునే స్టాటిక్ అనలైజర్ (ప్రోగ్రామ్‌ను నడపకుండానే కోడ్ చదివి తప్పులు చూపే టూల్) రూల్స్‌ను నేను పట్టించుకునేది అందుకే.

ముందు మీ భాష సంగతి తేల్చుకోండి

జావాలో క్లాస్ ఫీల్డ్‌లకు సున్నా, ఫాల్స్, నల్ వాటంతటవే వస్తాయి. లోకల్ వేరియబుల్స్‌కు రావు. సీషార్ప్‌లోనూ అంతే. సీ, సీ ప్లస్ ప్లస్‌లలో మాత్రం లోకల్ ఇంటిజర్‌కు విలువ ఇవ్వకుండా చదివితే ఏమవుతుందో భాషే హామీ ఇవ్వదు. అందుకే అక్కడ తొలి విలువను తీసేసి ఊరుకోకూడదు.

సరైన రూల్ ఆన్ చేయండి

ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది, డిఫాల్ట్ విలువనే మళ్లీ రాయడాన్ని పట్టుకునేది: జావాకు పీఎండీ అనే అనలైజర్‌లో రిడండెంట్‌ఫీల్డ్‌ఇనిషియలైజర్, చెక్‌స్టైల్‌లో ఎక్స్‌ప్లిసిట్‌ఇనిషియలైజేషన్, సీషార్ప్‌కు డాట్‌నెట్‌లో సీఏ1805. రెండోది, ఇచ్చిన విలువను చదవకముందే చెరిపేయడాన్ని పట్టుకునేది: పీఎండీలో అన్‌యూజ్డ్‌అసైన్‌మెంట్, డాట్‌నెట్‌లో ఐడీఈ0059, సీ, సీ ప్లస్ ప్లస్‌లకు సీపీపీచెక్‌లో రిడండెంట్‌ఇనిషియలైజేషన్ (దీనికి స్టైల్ తనిఖీలు ఆన్ చేయాలి), జావాస్క్రిప్ట్‌కు ఈఎస్‌లింట్‌లో 2024లో 9వ వెర్షన్‌తో వచ్చిన నో-యూజ్‌లెస్-అసైన్‌మెంట్. నన్నడిగితే రెండో రకంతోనే మొదలుపెట్టండి, నిజమైన తప్పులు దొరికేది అక్కడే.

సోనార్ అనే అనలైజర్ వాడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. దాని ఎస్1854 రూల్ జావాలో నల్, సున్నా, ఒకటి, మైనస్ ఒకటి, ట్రూ, ఫాల్స్, ఖాళీ స్ట్రింగ్‌లతో చేసే ఇనిషియలైజేషన్‌ను కావాలనే వదిలేస్తుంది. కాబట్టి సోనార్ మౌనంగా ఉందని పైన చెప్పిన నల్ లాంటివి మీ కోడ్‌లో లేవనుకోకండి.

ఒక్కో హెచ్చరికనూ చదివాకే తీయండి

ఆటో ఫిక్స్ బటన్ నొక్కే ముందు మూడు సందర్భాలు చూసుకోండి.

తొలి విలువ ఒక ఫంక్షన్ కాల్ నుంచి వస్తోందా? ఆ విలువ అక్కర్లేకపోయినా, ఆ కాల్ ఫైల్ తెరవడమో కౌంటర్ పెంచడమో చేస్తుండవచ్చు. అలాగైతే కాల్‌ను ఉంచి, అసైన్‌మెంట్‌ను మాత్రమే తీయండి.

సీలో పాయింటర్‌కు నల్ ఇచ్చి, తప్పు జరిగితే గోటూతో చివరి శుభ్రపరిచే భాగానికి దూకే పద్ధతి ఉంది. అక్కడ ఆ నల్ పనికొస్తుంది, ఉండనివ్వండి.

మూడోది చాలామందికి తెలియదు. జావాలో పేరెంట్ క్లాస్ కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే కోడ్) పూర్తయ్యాకే చైల్డ్ క్లాస్‌లోని ఫీల్డ్ ఇనిషియలైజర్లు నడుస్తాయి. ఆ పేరెంట్ కన్‌స్ట్రక్టర్ పిలిచిన మెథడ్‌ను చైల్డ్ ఓవర్‌రైడ్ చేసి, అందులో ఫీల్డ్‌కు విలువ ఇచ్చిందనుకోండి. తర్వాత నడిచే, ఫీల్డ్ డిక్లరేషన్‌లోని ‘ఈక్వల్స్ నల్’ ఆ విలువను చెరిపేస్తుంది. ఆ ‘ఈక్వల్స్ నల్’ను తీసేస్తే విలువ మిగిలిపోతుంది, అంటే ప్రోగ్రామ్ ప్రవర్తనే మారుతుంది. కన్‌స్ట్రక్టర్ నుంచి ఓవర్‌రైడ్ చేయగల మెథడ్‌ను పిలవడమే అసలు లోపం. ముందు దాన్ని సరిచేయండి.

ఇప్పుడు దిద్దండి

వీలైన చోట డిక్లరేషన్‌నే కిందికి, మొదటి నిజమైన విలువ దొరికే లైన్ దాకా జరపండి. సీ ప్లస్ ప్లస్‌లో ఇదే సురక్షితమైన దారి. ఇఫ్, ఎల్స్ రెండింట్లోనూ విలువ వస్తుంటే, జావాలో విలువ లేకుండా ఫైనల్ అని డిక్లేర్ చేయండి. ప్రతి దారిలోనూ సరిగ్గా ఒక్కసారే విలువ అందేలా కంపైలరే కాపలా కాస్తుంది. తీసేశాక కంపైల్ కాకపోతే కంగారుపడి నల్ తిరిగి పెట్టకండి. ఏ దారిలో విలువ అందడం లేదో చూడండి. దాగి ఉన్న బగ్ అక్కడే దొరకవచ్చు.

పాత ప్రాజెక్టులో ఇవి వందల్లో ఉంటే అన్నీ ఒకేసారి ముట్టుకోవద్దు. కొత్తగా మార్చిన ఫైళ్లలో హెచ్చరిక వస్తేనే బిల్డ్ ఆగేలా పెట్టండి. పాతవాటిని మాడ్యూల్‌కొక కమిట్‌గా (కలిపి భద్రపరిచే మార్పుల కట్టగా), వేరే మార్పులేవీ కలపకుండా తీయండి. ఏదైనా తేడా వస్తే ఆ ఒక్క కమిట్‌ను వెనక్కి తీసుకుంటే సరిపోతుంది.