స్క్రాచ్‌లో తొలి గేమ్: గిన్నెతో యాపిల్ పట్టడం ఎలా?

కోడ్ టైపు చేయడం రాకపోయినా గేమ్ తయారు చేయొచ్చు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయపు మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన స్క్రాచ్ అనే ప్రోగ్రామింగ్ సాధనం ఉచితం. రంగురంగుల బ్లాకులను మౌస్‌తో లాగి ఒకదాని కింద ఒకటి అతికిస్తే, అదే ప్రోగ్రాం.

స్క్రాచ్ సైటులో 'క్రియేట్' నొక్కండి. ఖాతా అక్కర్లేదు. కాకపోతే ఫైల్ మెనూలోంచి కంప్యూటర్‌లోకి సేవ్ చేసుకోకుండా ట్యాబ్ మూసేస్తే చేసిందంతా పోతుంది. తెర మీది పిల్లిని తీసేసి, లైబ్రరీ నుంచి 'బౌల్', 'యాపిల్' స్ప్రైట్లు (తెర మీద కదిలే బొమ్మలు) తెచ్చుకోండి. స్టేజ్ (ఆట కనిపించే తెర) వెడల్పు 480, ఎత్తు 360. సున్నా సరిగ్గా నడిమధ్యన ఉంటుంది కాబట్టి ఎక్స్ (అడ్డంగా) -240 నుంచి 240 దాకా, వై (నిలువుగా) -180 నుంచి 180 దాకా పోతాయి.

ముందు గిన్నె. దాన్ని ఎంచుకున్నాకే బ్లాకులు పెట్టండి. గిన్నె కోడ్ యాపిల్‌లో పెట్టేసి తల పట్టుకోవడం కొత్తవాళ్లకు మామూలే. ఆకుపచ్చ జెండా బ్లాకు కింద 'గో టు' పెట్టి ఎక్స్ 0, వై -140 ఇవ్వండి. దాని కింద 'ఫరెవర్' (లోపల పెట్టినవాటిని ఆగకుండా తిప్పే లూప్), అందులో రెండు 'ఇఫ్'లు: కుడి బాణం నొక్కి ఉంటే ఎక్స్‌ను 10 మార్చు, ఎడమ బాణమైతే -10. పసుపు రంగు 'వెన్ కీ ప్రెస్డ్' తేలికగా కనిపిస్తుంది గానీ వాడొద్దు. కీ నొక్కి పట్టుకుంటే గిన్నె ఒకసారి కదిలి, ఆగి, అప్పుడు పరుగెడుతుంది.

ఇప్పుడు యాపిల్. 'స్కోరు', 'వేగం' అని రెండు వేరియబుల్స్ (విలువలు దాచుకునే పెట్టెలు) చేయండి. జెండా నొక్కగానే స్కోరు 0, వేగం -5 (మైనస్ అంటే కిందికి) కావాలి. ఇది మరిస్తే పాత స్కోరు మీదే కొత్త ఆట మొదలవుతుంది. తర్వాత 'ఫరెవర్'. అందులో మొదట యాపిల్‌ను వై 170కి పంపండి, ఎక్స్‌కు -220 నుంచి 220 మధ్య 'పిక్ రాండమ్' ఇవ్వండి. దాని కింద 'రిపీట్ అంటిల్': గిన్నెను తాకేదాకా, లేదా వై -170 కంటే తగ్గేదాకా, వైను 'వేగం' అంత మార్చు. (-170 బదులు -250 పెడితే యాపిల్ అడుగున ఇరుక్కుంటుంది, స్క్రాచ్ స్ప్రైట్‌ను తెర బయటికి పూర్తిగా పోనివ్వదు.) ఈ లూప్ అయ్యాక, దాని బయట, తాకి ఉంటే స్కోరుకు 1, వేగానికి -0.2 కలపండి. తాకకపోతే 'స్టాప్ ఆల్'.

ఒక్క యాపిల్‌కే స్కోరు పదీ ఇరవై పెరుగుతోందా? స్కోరు బ్లాకు విడిగా మరో 'ఫరెవర్'లో ఉండుంటుంది. ఆ లూప్ సెకనుకు 30 సార్లు తిరుగుతుంది, తాకినంతసేపూ స్కోరు కలుపుతూనే పోతుంది.

ఇక అసలు డిజైన్ ఇక్కడుంది. వేగం -5 ఉన్నప్పుడు యాపిల్ కిందికి రావడానికి దాదాపు 2 సెకన్లు. ఆలోపు గిన్నె స్టేజ్ ఈ చివరి నుంచి ఆ చివరికి పోగలదు. 25 యాపిల్స్ పట్టేసరికి వేగం -10 అవుతుంది, దొరికే సమయం సగమవుతుంది. అప్పుడు యాపిల్ అవతలి చివర పడితే ఎంత చురుకైన ఆటగాడైనా అందుకోలేడు. అది కష్టమైన ఆట కాదు, అన్యాయమైన ఆట. గిన్నె కదలికను 10 నుంచి 15 చేయండి, లేదా యాపిల్ పడే చోటును -150 నుంచి 150కి కుదించండి.